బల్బు కథ మీద సినిమాలు: ఎడిసన్, టెస్లా గొడవలో ఏది చూడాలి, ఎంతవరకు నమ్మాలి?

సెకండ్‌షో సుబ్బు:

నమస్తే అందరికీ. పోయిన ఆదివారం ఇంట్లో ది కరెంట్ వార్ పెట్టాం. మావాడు తొమ్మిదో క్లాసు, స్కూల్లో సైన్స్ ఎగ్జిబిషన్‌కి బల్బు మీద ఏదో మోడల్ చేస్తున్నాడు, సినిమా చూపిస్తే కాస్త హుషారు వస్తుందేమో అని. యాక్టర్లని చూస్తే మామూలోళ్లు కాదు, ఎడిసన్‌గా బెనెడిక్ట్ కంబర్‌బ్యాచ్, ఆయనకి పోటీ కరెంటు వ్యాపారి వెస్టింగ్‌హౌస్‌గా మైకేల్ షానన్, టెస్లాగా నికొలస్ హోల్ట్, మన స్పైడర్‌మన్ కుర్రాడు టామ్ హాలండ్ ఎడిసన్ సెక్రటరీగా. ఇంతమంది ఉండి కూడా సినిమా ఎందుకో ఉరుకులు పరుగుల మీద నడిచింది, ఒక సీన్ మనకి ఎక్కేలోపే ఇంకో ఊళ్లో ఉంటాం, ఎవరు ఎవరి మీద కేసేశారో అర్థం చేసుకోడానికి రెండుసార్లు పాజ్ చేయాల్సొచ్చింది. కెమెరా పని మాత్రం అదిరింది, అది వేరే విషయం.

సినిమా అయ్యాక మావాడు మొదలుపెట్టాడు. నాన్నా ఎడిసన్ ఏనుగుని కరెంట్ పెట్టి చంపించాడంట కదా, యూట్యూబ్‌లో ఉంది, మరి ఇందులో గుర్రమే ఉందేంటి అన్నాడు. టెస్లా, ఎడిసన్ నిజంగా అంత శత్రువులా? అసలు బల్బు కనిపెట్టింది ఎడిసనేనా లేక అదీ కథేనా? నాకు సగం తెలుసు సగం తెలీదు, తెలిసిన సగం కూడా వాట్సాప్‌లో వచ్చిందే.

ఈ సబ్జెక్ట్ మీద ఇంకా మంచి సినిమాలు ఏమున్నాయో చెప్పండి, కరెంటు, దీపం, కనిపెట్టడం, ఈ లైన్‌లో ఏదైనా పర్లేదు. డాక్యుమెంటరీలు మాత్రం వద్దు, వాడు పది నిమిషాల్లో నిద్రపోతాడు, నిజం చెప్పాలంటే నేనూ అంతే.

బాల్కనీ టికెట్:

సుబ్బు గారూ, ఆ సినిమా అలా ఉరకడానికి తెర వెనక కథ ఉంది. 2017 సెప్టెంబర్‌లో టొరంటో ఫెస్టివల్‌లో మొదటిసారి వేశారు, రివ్యూలు ఏమంత బాలేదు. మళ్లీ ఎడిట్ చేసుకుందాం అనుకుంటుండగానే అక్టోబర్‌లో ఆ సినిమా తీస్తున్న కంపెనీ ఓనర్ హార్వీ వైన్‌స్టీన్ లైంగిక వేధింపుల బాగోతం బయటపడింది, కంపెనీ కూలిపోయింది, సినిమా డబ్బాలో పడింది. డైరెక్టర్ అల్ఫాన్సో గోమెజ్ రెహోన్ మాత్రం వదల్లేదు. ఎగ్జిక్యూటివ్ ప్రొడ్యూసర్లలో మార్టిన్ స్కోర్సెసీ ఒకడు, ఆయన అండతో కొన్ని సీన్లు కొత్తగా తీసి, ఉన్నదాన్ని ఇంకా కుదించి, చివరికి 2019లో రిలీజ్ చేశారు. మీరు చూసింది ఆ కొత్త కట్టే అయ్యుంటుంది. పదమూడేళ్ల కథని గంటా నలభై నిమిషాల్లో కుక్కితే అలాగే ఉంటుంది మరి. కెమెరా చుంగ్ చుంగ్ హూన్, ఓల్డ్‌బాయ్ తీసిన ఆయనే, అందుకే ఆ ఫ్రేములు.

మిగతావి చెప్తా. ఎడిసన్ మీద పాత హాలీవుడ్ రెండు తీసింది, రెండూ 1940లోనే, రెండూ ఎమ్‌జీఎమ్‌వే. చిన్నప్పటి ఎడిసన్‌గా మికీ రూనీ యంగ్ టామ్ ఎడిసన్‌లో, పెద్దయ్యాక స్పెన్సర్ ట్రేసీ ఎడిసన్ ది మ్యాన్‌లో. ట్రేసీది బాగుంటుంది కానీ దేవుడి పటానికి దండేసినట్టు తీశారు. 1929లో ఆయన గౌరవార్థం జరిగే విందుతో కథ మొదలవుతుంది. ఆ విందు మాత్రం నిజం, 1929 అక్టోబర్ 21న హెన్రీ ఫోర్డ్ డియర్‌బోర్న్‌లో ఎడిసన్ పాత మెన్లో పార్క్ ల్యాబ్‌ని మళ్లీ కట్టించి, ప్రెసిడెంట్ హూవర్‌ని పిలిచి, ఎనభై రెండేళ్ల ఎడిసన్ చేత రేడియోలో లైవ్‌గా దీపం మళ్లీ వెలిగించే తంతు చేయించాడు. అంటే బతికుండగానే ఆయన తన సీన్ తాను రీమేక్ చేసుకున్నాడన్నమాట. సరిగ్గా ఎనిమిది రోజులకి వాల్‌స్ట్రీట్ కూలింది, అది ఏ సినిమాలోనూ కలపరు ఎందుకో.

టెస్లా మీద 1980లో యుగోస్లావియా వాళ్లు ది సీక్రెట్ ఆఫ్ నికోలా టెస్లా తీశారు. నెమ్మదిగా నడుస్తుంది, కానీ బ్యాంకర్ జేపీ మోర్గాన్‌గా ఆర్సన్ వెల్స్ కూర్చుంటే గది మొత్తం ఆయనదే. 2020లో ఈథన్ హాక్‌తో టెస్లా అని మైకేల్ ఆల్మరేడా తీసింది ఇంకో రకం, ఎడిసన్, టెస్లా ఒకరి మొహాన ఒకరు ఐస్‌క్రీమ్ కొట్టుకుంటారు, వెంటనే కథ చెప్పే అమ్మాయి వచ్చి ఇది జరగలేదండీ అంటుంది, లాప్‌టాప్ తీసి గూగుల్‌లో వెతుకుతుంది, టెస్లా మైకు పట్టుకుని ఎనభైల నాటి పాప్ పాట పాడతాడు. చాలామందికి నచ్చలేదు. నాకు నచ్చింది, ఎందుకంటే అబద్ధం చెప్పేటప్పుడు అబద్ధమని చెప్పేసే బయోపిక్ అదొక్కటే కనిపించింది.

టెస్లా భక్తుడు:

ఎడిసన్ మీద సినిమాలు తీయడమే దండగ బ్రో. పక్కా వ్యాపారి, మందీమార్బలాన్ని పెట్టుకుని వాళ్ల బుర్రలు వాడుకుని పేటెంట్ మీద తన పేరు రాసుకున్నాడు. బల్బు జోసెఫ్ స్వాన్‌ది, ఏసీ (దిక్కు మారుతూ పారే కరెంటు) టెస్లాది, ఏనుగుని చంపింది ఎడిసన్, సినిమా పరిశ్రమని పేటెంట్లతో పీక్కుతిన్నదీ ఎడిసనే. టెస్లా పాపం హోటల్ గదిలో ఒంటరిగా పోయాడు. ప్రెస్టీజ్ సినిమా చూపించు మీవాడికి, డేవిడ్ బోవీ టెస్లాగా ఆ ఎంట్రీ చాలు, నేలలో గుచ్చిన బల్బులు వైర్లేకుండా వెలిగే సీన్ చూస్తే ఒళ్లు జలదరిస్తుంది. మిగతావన్నీ ఎందుకు.

నూటముప్పైరెండు కేవీ:

భక్తుడు గారూ, టెస్లా అంటే నాకూ ఇష్టమే, రోజూ ఆయన పుణ్యాన వచ్చిన త్రీఫేజ్ మీదే నా ఉద్యోగం, సబ్‌స్టేషన్‌లో షిఫ్ట్ డ్యూటీ. కానీ మీరు చెప్పినవన్నీ ఒకే సంచిలో వేస్తే పిల్లాడు ఎగ్జిబిషన్‌లో తిట్లు తింటాడు. కాస్త పెద్దగానే రాస్తున్నా, ఓపికుంటే చదవండి.

ముందు ఏనుగు. దాని పేరు టాప్సీ. 1903 జనవరి 4న న్యూయార్క్‌లోని కోనీ ఐలండ్‌లో కొత్తగా కడుతున్న లూనా పార్క్ వాళ్లు దాన్ని చంపించారు, అది మనుషుల మీద తిరగబడుతోందని. సైనైడ్ పెట్టిన క్యారెట్లు తినిపించి, 6,600 వోల్టుల ఏసీ ఇచ్చి, మెడకి తాడు కూడా బిగించారు. దుర్మార్గమే, కాదన్ను. అయితే ఎడిసన్‌కీ, ఆయన డీసీ (ఒకే దిక్కున పారే కరెంటు), వెస్టింగ్‌హౌస్ ఏసీ గొడవకీ దాంతో సంబంధం లేదు. ఆ యుద్ధం అప్పటికి పదేళ్ల కిందటే ముగిసింది, 1892లోనే ఆయన కంపెనీని ఇంకోదాంతో కలిపి జనరల్ ఎలక్ట్రిక్ చేసేశారు, పేరులోంచి కూడా ఎడిసన్‌ని తీసేశారు. మరి ఆయన పేరు ఎందుకొచ్చిందంటే, ఏనుగు చావుని షూట్ చేసింది ఆయన సినిమా కంపెనీ కెమెరా. ఒక నిమిషం చిల్లర ఫిల్మ్ అది. జనం ఆ ఫిల్మ్ చూసి, దాని మీద ఎడిసన్ పేరు చూసి, రెండిటికీ ముడేశారు.

ది కరెంట్ వార్‌లో గుర్రం పెట్టింది మాత్రం ఊరికే కాదు. 1888లో హెరాల్డ్ బ్రౌన్ అనే ఒకాయన ఏసీ ప్రాణాంతకం అని నిరూపిస్తానంటూ ముందు కుక్కల్ని, తర్వాత ఎడిసన్ ల్యాబ్‌లోనే దూడల్ని, ఒక గుర్రాన్ని చంపాడు. ఎడిసన్ చోటిచ్చాడు, మనుషుల్నిచ్చాడు. ఆ మచ్చ ఆయన మీద ఉండాల్సిందే. అక్కణ్నుంచి విషయం ఎలక్ట్రిక్ చైర్ దాకా పోయింది, 1890 ఆగస్టు 6న ఆబర్న్ జైల్లో విలియం కెమ్లర్ అనే ఖైదీని వెస్టింగ్‌హౌస్ డైనమోతో చంపారు, మొదటిసారి ఇచ్చిన కరెంటు చాలక రెండోసారి ఇచ్చారు. అది సినిమాలో ఉంది.

ఇక బల్బు. స్వాన్ ఇంగ్లండ్‌లో అదే సమయంలో కార్బన్ దీపం వెలిగించిన మాట నిజం, అందుకే చివరికి 1883లో ఇద్దరూ కలిసి అక్కడ ఎడిస్వాన్ అని కంపెనీ పెట్టుకున్నారు. తీగ వేడెక్కితే వెలుగుతుందని వాళ్లకంటే ముందే చాలామందికి తెలుసు. చిక్కంతా అది నిమిషాల్లో కాలిపోవడం దగ్గర. గాజు బుడగలో గాలి మిగిలితే కార్బన్ మండిపోతుంది. హెర్మన్ స్ప్రెంగెల్ అనే ఆయన పాదరసంతో పనిచేసే వ్యాక్యూమ్ పంపు చేశాక గానీ అంత గట్టిగా గాలి లాగడం కుదర్లేదు. మెన్లో పార్క్‌లో గాజు ఊదే ల్యూడ్విగ్ బోమ్, లెక్కలు వేసే ఫ్రాన్సిస్ అప్టన్, చేతిపని అంతా చేసే చార్లెస్ బ్యాచిలర్, వీళ్లంతా కలిసి 1879 అక్టోబర్‌లో కుట్టుదారాన్ని మాడ్చి చేసిన కార్బన్ ఫిలమెంట్‌ని (బల్బు లోపల వెలిగే తీగ) గంటల తరబడి వెలిగించగలిగారు. తర్వాత జపాన్ వెదురుతో చేస్తే వెయ్యి గంటలు దాటింది. ఏ సినిమా చూసినా ఆ పంపు మీద కెమెరా పెట్టరు, ఎడిసన్ మొహం మీద పెడతారు.

దీనికంటే నాకు పెద్ద కంప్లయింట్ ఇంకోటుంది. ఎడిసన్ అసలు గొప్పతనం బల్బులో కాదు, బల్బు దాకా కరెంటు తేవడంలో ఉంది. 1882 సెప్టెంబర్ 4న న్యూయార్క్ పెర్ల్ స్ట్రీట్‌లో స్టేషన్ మొదలైంది. డైనమో, రోడ్డు కింద కేబుల్, స్విచ్చి, ఫ్యూజు, హోల్డరు, ఏదీ బజార్లో దొరకదు, అన్నీ వాళ్లే చేసుకోవాలి. మీటరు కూడా లేదు. అప్పుడేం చేశాడో తెలుసా, ఒక సీసాలో జింక్ సల్ఫేట్ నీళ్లు పోసి రెండు జింక్ రేకులు పెట్టాడు. ఇంట్లో కరెంటు వాడేకొద్దీ ఒక రేకు నుంచి జింక్ కరిగి ఇంకో రేకు మీదకి చేరుతుంది. నెలాఖరుకి మనిషి వచ్చి రేకులు పట్టుకుపోయి తూకం వేసి, ఎంత బరువు మారితే అంత బిల్లు. చలికాలంలో ఆ నీళ్లు గడ్డకట్టకుండా మీటరు పెట్టెలో ఒక చిన్న బల్బు పెట్టేవాళ్లు, చలి పెరిగితే అదే వెలుగుతుంది. ఇంత అందమైన విషయం పెట్టుకుని ఒక్క డైరెక్టర్ కూడా తీయలేదు చూడండి. నా చేతిలో ఉంటే మొదటి సీనే తరాజు మీద జింక్ రేకుతో మొదలుపెడతా.

డీసీ ఎందుకు ఓడిందో కూడా సినిమాలో గట్టిగా చెప్పరు, మంచోడు చెడ్డోడు గొడవలా చూపిస్తారు. విషయం ఏంటంటే 110 వోల్టుల దగ్గర ఎక్కువ పవర్ పంపాలంటే కరెంటు పెరుగుతుంది, కరెంటు రెట్టింపైతే వైర్లో వేడిగా పోయే నష్టం నాలుగు రెట్లు, దాన్ని తగ్గించాలంటే చెయ్యంత లావు రాగి వెయ్యాలి, లేదా మైలుకొక పవర్‌హౌస్ కట్టాలి. ఏసీకి ట్రాన్స్‌ఫార్మర్ ఉంది, వోల్టేజ్ పెంచి సన్న తీగ మీద దూరం పంపి ఊరి దగ్గర దించుకోవచ్చు. 1886లో విలియం స్టాన్లీ గ్రేట్ బారింగ్టన్‌లో అది చేసి చూపించాడు, వెస్టింగ్‌హౌస్ మనిషే. అప్పటికి టెస్లా ఇంకా సీన్‌లోకి రానే లేదు. ఆయన మోటారు పేటెంట్లు వెస్టింగ్‌హౌస్‌కి 1888లో ఇచ్చాడు. ఎడిసన్ దగ్గర న్యూయార్క్‌లో పనిచేసింది 1884లో కొద్ది నెలలు, అంతే. పగ అంతా తర్వాత జనం పెంచుకున్నది.

టెస్లా భక్తుడు:

అక్కా సారీ, ఇంత లెక్చర్ ఇస్తారనుకోలేదు 😅 స్వాన్ విషయం ఒప్పుకున్నారు కదా, అది చాలు నాకు. ఏసీ గెలిచిందా లేదా చెప్పండి.

నూటముప్పైరెండు కేవీ:

గెలిచింది. కానీ మీరు విశాఖపట్నం వైపు వస్తే గాజువాకలో హెచ్‌వీడీసీ (హై వోల్టేజ్ డీసీ) స్టేషన్ ఉంది చూడండి. తూర్పు గ్రిడ్ నుంచి వచ్చే ఏసీని డీసీగా మార్చి, మళ్లీ వెంటనే ఏసీ చేసి దక్షిణం గ్రిడ్‌లోకి వదలడానికి కట్టారు దాన్ని. మీ ఫోన్ చార్జర్, ఇంట్లో ఎల్‌ఈడీ బల్బు లోపల కూడా డీసీయే. ఎడిసన్ వెనక గుమ్మంలోంచి వచ్చేశాడు తమ్ముడూ.

కేబిన్ కిటికీ:

మీ అందరి మాటలూ చదివాక నేనూ ఒకటి రాయాలనిపించింది. మా నాన్న గుంటూరు జిల్లాలో ఒక సింగిల్ థియేటర్‌లో ఆపరేటర్, నేను సగం బాల్యం కేబిన్‌లోనే గడిపా. ఎడిసన్ బల్బు అంటున్నారు గానీ మన చిన్నప్పటి సినిమాలన్నీ తెర మీద పడింది బల్బుతో కాదు, కార్బన్ ఆర్క్‌తో. బల్బుకంటే ముందు పుట్టిన దీపం అది, ఇంగ్లండ్ శాస్త్రవేత్త హంఫ్రీ డేవీ కాలం నాటిది.

ప్రొజెక్టర్ వెనక ఇనప పెట్టె ఉంటుంది, అందులో రెండు కార్బన్ కడ్డీలు ఎదురెదురుగా, పాజిటివ్ లావుది, నెగెటివ్ సన్నది, పైన రాగి పూత. నాన్న ఆ రెండిటినీ ఒకసారి తాకించి వెంటనే చిన్న గ్యాప్ ఇచ్చేవాడు, మధ్యలో తెల్లగా భగ్గున అంటుకునేది, నేరుగా చూస్తే కళ్లు పోతాయి, అందుకే పెట్టెకి నల్ల అద్దం ఉండేది. కడ్డీలు కాలి పొట్టి అవుతుంటాయి, గ్యాప్ పెరుగుతుంటుంది, మోటారు నెమ్మదిగా ముందుకి జరుపుతుంది కానీ దాన్ని నమ్ముకుంటే అంతే సంగతులు. కార్బన్ తేమ పట్టినా, గ్యాప్ కొంచెం పెరిగినా తెర పసుపెక్కిపోయేది, హీరోయిన్ మొహం నిమ్మపండు రంగులోకి తిరిగేది, వెంటనే నేలక్లాసు నుంచి ఈలలు, రేయ్ లైటూ అని అరుపులు. నాన్న బీడీ పక్కన పడేసి పరిగెత్తేవాడు. కాలిపోగా మిగిలిన కార్బన్ ముక్కల కోసం పిల్లలం కొట్టుకునేవాళ్లం, వాటితో గోడల మీద రాస్తే భలే పడేది.

మేడం గారు చెప్పిన ఏసీ, డీసీ గొడవకి ఇక్కడ ఒక లింకు ఉంది. ఆ ఆర్క్ ఏసీ మీద వేస్తే వెలుగు వణుకుతుంది, ప్రొజెక్టర్ షట్టర్‌తో కలిసి తెర మీద మినుకు మినుకుమంటుంది. అందుకని లైన్లో వచ్చే ఏసీని డీసీ చేయడానికి కేబిన్ పక్క గదిలో రెక్టిఫైయర్ ఉండేది. మా హాల్లో పాతది, పెద్ద గాజు బుడగ, ఆక్టోపస్ లాగా దానికి గాజు చేతులు, అడుగున పాదరసం. ఆన్ చేస్తే లోపల నీలం, ఊదా కలిసిన వెలుగు అటూ ఇటూ ఆడుతూ ఉండేది. నిజం చెప్తున్నా, కింద హాల్లో ఆడే సినిమా కంటే నాకు ఆ గదే నచ్చేది. ప్రెస్టీజ్‌లో టెస్లా ల్యాబ్ చూసినప్పుడు అందరూ వావ్ అంటుంటే నేను ఇది మా హాల్లో చూశానే అనుకున్నా. తర్వాత జెనాన్ ల్యాంపులొచ్చాయి, ఆ తర్వాత డిజిటల్, ఇప్పుడు రిమోట్‌తో సినిమా మొదలవుతుంది.

ఆర్క్ దీపం, ఆపరేటర్ మీద కరెక్టుగా ఒక తెలుగు సినిమా రావాలి. హీరో లవ్ స్టోరీకి బ్యాక్‌గ్రౌండ్‌గా కేబిన్ వాడుకోడం కాదు, అసలు ఆ పని మీద.

బాల్కనీ టికెట్:

కేబిన్ కిటికీ అన్నా, ఏం రాశావు! దీనికి తగ్గ ఇంకో తమాషా చెప్తా. బల్బుల రాజు అని పేరున్న ఎడిసన్ సినిమా స్టూడియో కట్టినప్పుడు దేన్ని నమ్ముకున్నాడో తెలుసా, సూర్యుణ్ని. 1893లో వెస్ట్ ఆరెంజ్‌లో బ్లాక్ మరియా అని నల్ల తారుకాయితం కప్పిన షెడ్డు కట్టించాడు, పైకప్పు తెరుచుకుంటుంది, షెడ్డు మొత్తం పట్టాల మీద గుండ్రంగా తిరుగుతుంది, ఎండ ఎటుంటే అటు మనుషులు తోసేవాళ్లు. అప్పటి ఫిల్మ్‌కి ఆయన బల్బు వెలుగు ఏ మూలకీ చాలదు. కెమెరా పని చేసింది కూడా ఎక్కువగా డిక్సన్ అనే ఆయన అసిస్టెంట్, ముప్పై ఐదు మిల్లీమీటర్ల ఫిల్మ్, ఫ్రేముకి పక్కన నాలుగేసి చిల్లులు, ఆ లెక్క అక్కడ మొదలై మీ నాన్నగారి రీళ్ల దాకా మారలేదు. ఎడిసన్ బల్బుకి సినిమాలో మొదట దొరికిన ఉద్యోగం కైనెటోస్కోప్ పెట్టెలో, ఒక్కొక్కళ్లు కన్ను పెట్టి చూసే పెట్టె అది.

స్టూడియోల్లో కూడా చాలాకాలం ఆర్క్ లైట్లు, మెర్క్యురీ ట్యూబులే. ఫిలమెంట్ బల్బులు పెద్దఎత్తున సెట్‌లోకి వచ్చింది టాకీలు వచ్చాక, 1928 ప్రాంతంలో. ఎందుకంటే ఆర్క్ లైటు గుయ్‌మని మోగుతుంది, మైకు పెట్టగానే ఆ మోత కూడా రికార్డవుతుంది. అంటే సినిమావాళ్లు బల్బుని మెచ్చింది వెలుగు చూసి కాదు, అది నోరు మూసుకుని ఉంటుందని.

భక్తుడు అన్న పేటెంట్ల మాట నిజమే. 1908లో ఎడిసన్, ఇంకొందరు కలిసి పేటెంట్ల ట్రస్టు పెట్టి లైసెన్సు లేనివాళ్లని సినిమా తీయనివ్వలేదు, 1915లో కోర్టు అది చెల్లదంది. చిన్న నిర్మాతలు కాలిఫోర్నియా వైపు పోవడానికి అదొక కారణం, ఎండ ఇంకో కారణం. కాబట్టి ఎడిసన్‌ని హీరోని చేసి 1940లో హాలీవుడ్ సినిమాలు తీసిందంటే నాకు నవ్వొస్తుంది, తమని తరిమినోడికే దండేశారు.

ఆలేరు ప్యాసింజర్:

అందరూ అమెరికాలోనే తిరుగుతున్నారు. కనిపెట్టడం ఎలా ఉంటదో చూపించాలంటే మన మల్లేశం చూపియ్యాలె అన్నా మీ బాబుకి. 2019ల వచ్చింది, రాజ్ రాచకొండ తీసిండు, ప్రియదర్శి చేసిండు. చింతకింది మల్లేశం గారి అసలు కథ. పోచంపల్లి చీరకి ఆసు పోసుడు అంటే తెల్వనోళ్లకి చెప్తున్న, అర్ధచంద్రం లెక్క గుచ్చిన మేకుల చుట్టూ పట్టుదారం చేత్తోని అటూ ఇటూ తిప్పాలె, ఒక్క చీరకి చెయ్యి తొమ్మిదివేల సార్లు తిరుగుతది. వాళ్లమ్మ భుజం నొప్పికి తట్టుకోలేక ఇంక నాతోని కాదు అన్నది. ఆ నొప్పి చూసి ఈయన మిషిని చేద్దామని 1992ల మొదలుపెడితే 1999కి గానీ కాలే. మిషినికి అమ్మ పేరే, లక్ష్మీ ఆసు యంత్రం. పేటెంట్ 2011ల, పద్మశ్రీ 2017ల.

మా ఇండ్లల్ల ఆసు చూసి పెరిగినోన్ని కాబట్టి చెప్తున్న, ఆ సినిమాల ఝాన్సీ గారు ఆసు పోసే సీన్లు దొంగతనం లేకుండ తీసిండ్రు. ఇంకోటి ఏందంటే, ఏడేండ్లు పట్టింది అని సినిమా దాచిపెట్టలే. ఒక కదలిక వస్తది, ఇంకోటి రాదు, అప్పు పెరుగుతది, ఊరోళ్లు నవ్వుతరు. ఎడిసన్ సినిమాలల్ల బల్బు ఒక రాత్రి వెలిగేదాకనే చూపిస్తరు, ఇందుల మిషిని ఆగిపోయినంక మనిషి ఎట్ల ఉంటడో చూపించిండ్రు. పాటలు కొంచెం అడ్డం వస్తయి, అది వేరే ముచ్చట.

కరెంటు కావాలంటే ది బాయ్ హూ హార్నెస్డ్ ది విండ్ ఉంది, అది కూడా 2019లనే. మలావీ దేశంల విలియం కాంక్వాంబా అనే పిలగాడు లైబ్రరీల పుస్తకం చూసి సైకిల్ డైనమోతోని గాలిమర చేసిండు. చివెటెల్ ఎజియోఫోర్ డైరెక్షన్, తండ్రి వేషం కూడా ఆయనే.

నూటముప్పైరెండు కేవీ:

మల్లేశం మాటకి నూటికి నూరు. గాలిమర సినిమా మీద మాత్రం నాకో చిన్న గొడవ ఉంది. అసలు కథలో ఆ అబ్బాయి మొదటి గాలిమరతో వెలిగించింది ఇంట్లో బల్బు, రేడియో కూడా పెట్టుకున్నాడు. నీళ్లు తోడే గాలిమర తర్వాత కట్టాడు, అప్పటికి కరువు గడిచిపోయింది. సినిమాలో మాత్రం కరువు మధ్యలోనే గాలిమర తిరిగి నీళ్లొచ్చి పొలం పచ్చబడుతుంది. అంటే బల్బు వెలిగితే క్లైమాక్స్‌కి చాలదనుకున్నారు! కరెంటు లేని ఇంట్లో రాత్రి ఏడింటికి నిద్రపోవాల్సిన పిల్లాడికి బల్బు అంటే ఏంటో వాళ్లకి తెలీకనా? తెలుసు, కానీ పచ్చటి పొలం ఫొటోలో బాగుంటుంది.

కేబిన్ కిటికీ:

బల్బు చాలదనుకుంటే స్వదేశ్ చూడమనండి. 2004, గోవారీకర్. వాగు నీళ్లు కట్టి చిన్న టర్బైన్ పెడతారు, మొదట సరిగా తిరగదు, చెత్త అడ్డం పడుతుంది, షారుఖ్ నీళ్లలో దిగి తీస్తాడు. తర్వాత బల్బు ఆరిపోతూ వెలుగుతూ చివరికి నిలబడుతుంది, కెమెరా బల్బు మీద కాకుండా ముసలమ్మ మొహం మీద ఉంటుంది. ఆమె నోటి నుంచి ఒక్క మాట, బిజిలీ అని. అంతే. ఆ సీన్‌కి మా హాల్లో చప్పట్లు కొట్టింది నేలక్లాసు వాళ్లు.

సెకండ్‌షో సుబ్బు:

అమ్మో, ఇంత వస్తుందనుకోలేదు, అందరికీ థాంక్స్. మావాడికి ఏనుగు సంగతి, జింక్ మీటరు సంగతి చదివి వినిపించా. వాడిప్పుడు బల్బు మోడల్ పక్కనపెట్టి ఆ మీటరే చేస్తానంటున్నాడు, జింక్ రేకులు ఎక్కడ దొరుకుతాయి నాన్నా అని ప్రాణం తీస్తున్నాడు. మేడం గారూ, ఇంట్లో చేయొచ్చా, ప్రమాదమా? ఇంకోటి, ప్రెస్టీజ్ తొమ్మిదో క్లాసు వాడికి చూపించొచ్చా?

నూటముప్పైరెండు కేవీ:

చేయొచ్చు, మెయిన్స్ జోలికి మాత్రం పోవద్దు, ఆరు వోల్టుల బ్యాటరీ చాలు, దానికో చిన్న టార్చి బల్బు సిరీస్‌లో పెట్టండి. పాత బ్యాటరీ సెల్స్ కోసి జింక్ తీయడం వద్దు, లోపల రసాయనాలు ఉంటాయి. కాలేజీలకి ల్యాబ్ సామాను అమ్మే షాపులో జింక్ రేకులు, జింక్ సల్ఫేట్ రెండూ ఇస్తారు. గ్లవుజులు వేసుకోమనండి, ఆ నీళ్లు కళ్లలో పడకూడదు. ఒక గంట కరెంటు వదిలితే రేకు బరువు తేడా బాగా తక్కువ వస్తుంది, వంటింటి తూకం పట్టుకోలేదు, బంగారం షాపులో వాడే రకం చిన్న తూకం కావాలి. రేకుల్ని తూచే ముందు బాగా ఆరనివ్వమని చెప్పండి, తడి బరువు కలిస్తే బిల్లు తప్పొస్తుంది 😄

బాల్కనీ టికెట్:

ప్రెస్టీజ్ ఆగండి ఇంకో రెండేళ్లు, చావులు, ఉరి, వేళ్లు నరకడం ఉన్నాయి, పైగా కథ ముందుకీ వెనక్కీ తిరుగుతుంది. స్వదేశ్, మల్లేశం ముందు చూపించండి. మల్లేశంలో అప్పుల గొడవ కొంచెం బరువుగా ఉంటుంది, పక్కన కూర్చోండి.

టెస్లా భక్తుడు:

సరే సరే, మల్లేశం నేను కూడా చూడలేదు, ఈ రాత్రికి పెడతా. ప్రెస్టీజ్ వాడికి ఇంటర్‌లో చూపించు సుబ్బన్నా, మాటిచ్చినట్టే కదా.